వేలెడంత రబ్బరు

మొదటి గేరు వదలదు.
యూస్‌దాల్ వంతెన దాటి, చర్చి దాటి,
రంపపు మిల్లు దుంగల గుట్టలన్నీ దాటాక
అరవై దగ్గర ఎవరో వెనకనించి తన్నినట్టు
రెండోది పడుతుంది.
మూడోది పడేసరికి ఇల్లొచ్చేస్తుంది.

డెబ్బై ఆరు నాటి షెవీ నోవా.
నాకంటే మూడేళ్ళు పెద్దది.
బతిమాలడం అలవాటైంది నాకు:
యాక్సిలరేటర్ మీంచి పాదం కాస్త ఎత్తి
అది ఊఁ అనేదాకా ఆగి
మళ్ళీ మెల్లగా తొక్కడం.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ నాది.
మాత్ర మింగనని పెదాలు బిగించిన వాళ్ళ దగ్గర
చేసేదీ ఇదే.

బావ స్టెల్లాన్ బానెట్ కూడా ఎత్తలేదు.
"గేర్‌బాక్సు పోయింది" అన్నాడు
కాఫీలో బిస్కెట్ ముంచుతూ.
"దించాలి, విప్పాలి, ప్లేట్లన్నీ మార్చాలి.
ఇరవై ఐదు వేల క్రోనర్లు. కాదంటే తుక్కుకి."
తుక్కన్న మాట బండి వినకుండా
వంటింటి కిటికీ మూశాను. నవ్వకండి.

ఎదురింటి గున్నెల్
ముప్పై ఏళ్ళు మిల్లులో ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసిన మనిషి.
రంపాలు ఆమె ఎడమ చెవిని ఎప్పుడో కోసుకుపోయాయి,
కుడిది సగం వదిలిపెట్టాయి.
జూన్ నెల. రాత్రి పదకొండు. ఇంకా వెలుగే.
సన్న దోమలు ముసురుతుంటే
తలకి వల గుడ్డ చుట్టుకుని వచ్చింది.

"ముందు ఊరంతా తిప్పుకురా. వేడెక్కనీ.
చల్లటి నూనె నిజం చెప్పదు."

ఇంజను ఆడుతుండగానే కొలత పుల్ల లాగి
తెల్ల గుడ్డ మీద తుడిచింది.
ఎర్రగా, దానిమ్మ గింజ చిదిపినట్టు.
ముక్కు దగ్గర పెట్టుకుంది.
మాడు వాసన లేదు, నలుసు లేదు.
"ఇది చావబోయేదాని నెత్తురు కాదు" అంది.
"మరెందుకు మారదు?" అని అరిచాను
ఆమె ఎడమ పక్కనించి.
వినలేదు.

ర్యాంపుల మీదికి ఎక్కించిన బండి కిందకి
అట్టముక్క పరుచుకుని జారింది, డెబ్బై రెండేళ్ళ నడుముతో.
అక్కణ్ణించే చెప్పింది,
ఎవరడిగినా అడక్కపోయినా చెప్పే గొంతుతో:

"ఇంజను ఎంత కష్టపడుతోందో చూడ్డానికి
గేర్‌బాక్సుకి కళ్ళున్నాయా?
ఈ సన్న గొట్టంలోంచి ఇంజను పీల్చే ఊపిరి,
అదొక్కటే దానికి కబురు.
గట్టిగా పీలిస్తే దారి చదును.
పట్టు సడలితే బరువుంది, ఎక్కుతున్నాం అని."

బుస్సుమనే చప్పుడు నాకు నెలల తరబడి వినిపిస్తూనే ఉంది.
ముసలి బండి కదా, ఆయాసం అనుకున్నాను.
ఆమెకది వినపడదు.
వేలు నాలికతో తడి చేసుకుని గొట్టం వెంట నడిపింది.
పొగ గొట్టం వేడికి పెళుసెక్కిన మలుపు దగ్గర
వేలు ఆగింది.
"ఇక్కడ. నన్ను లోపలికి లాగుతోంది."
బొటనవేలితో నొక్కిపట్టింది.
బుస ఆగింది. ఇంజను వణుకు మానింది.

అంటే ఇన్నాళ్ళూ
ఈ చదును ఊళ్ళో, ఖాళీ సీట్లతో
బండి కొండెక్కుతూనే ఉందన్నమాట.
కొండ లేదని దానికెవరూ చెప్పలేదు.

రబ్బరు ఊడదీసి లోపలికి తొంగి చూసింది. పొడిగా ఉంది.
"నూనె తడి ఉంటే అది వేరే కథ."
ఫోర్క్‌లిఫ్టు రోజుల డబ్బాలోంచి
వేలెడంత ముక్క కోసి తొడిగింది.
గోటితో పోయేది.
స్టెల్లాన్ గొడ్డలి పట్టుకొచ్చాడు.

పాతికలో రెండోది.
నలభై దాటాక మూడోది,
నిద్రలో ఎవరో ఒత్తిగిలినట్టు.
నా పాదం మాత్రం అలవాటుగా లేస్తూనే ఉంది.
"చూశావా!" అని అరిచాను
పక్క సీట్లోని గున్నెల్ వైపు తిరిగి.
"అరవకు" అంది. "అరిస్తే మాట రాదు, రొదే వస్తుంది."

ఆరేళ్ళుగా వీధికి అడ్డంగా అరుస్తూనే ఉన్నాను ఈ మనిషితో.

యూస్నన్ ఒడ్డున బండి ఆపాను.
దిగి, ముందునించి చుట్టూ తిరిగి
ఆమె కుడి కిటికీ దగ్గర వంగాను.
మామూలు గొంతుతో అడిగాను,
ఇంకో చుట్టు వేద్దామా అని.

"నూనె వేడిగానే ఉంది" అంది. "పద."